మే నెలలో అమెరికాలోని మిన్నెసోటా సరస్సుల్లో వాలై (walleye) చేపను ఎక్కడ వెతకాలి, ఎలా పట్టాలి?

లోతుకు పోకండి. మే మధ్యలో వాలై వేట సీజన్ తెరిచేసరికి నీళ్లు సాధారణంగా 50 డిగ్రీల ఫారెన్‌హీట్ అటూఇటుగా ఉంటాయి. గుడ్లు పెట్టడం అప్పుడప్పుడే ముగిసి, మగ చేపలు ఇంకా గుడ్లు పెట్టిన చోటే తచ్చాడుతుంటాయి. వాగు కలిసే చోటు, గాలి కొట్టే గులకరాళ్ల ఒడ్డు, 6 నుంచి 12 అడుగుల నీరు చూడండి. ఎండగా ఉండి నీళ్లు కదలకపోతే పొద్దుగూకే దాకా ఆగడమే మేలు.

1/8 ఔన్సు జిగ్ (తల దగ్గర బరువు పోసిన కొక్కెం) చాలు. ఎరగా షైనర్ అనే చిన్న చేపను తీసుకుని, దాని నోట్లోంచి కొక్కెం దూర్చి తల వెనక పైకి తీయండి. జిగ్ అడుగు తాకాక అర అడుగు లేపి, దారం బిగువు పోకుండా మెల్లగా దించండి. చాలాసార్లు జిగ్ దిగేటప్పుడే వాలై దాన్ని పట్టుకుంటుంది. దారం వదులైతే ఆ సంగతే తెలియదు. చల్లనీళ్లలో గట్టిగా లాగదు, కాస్త బరువెక్కినట్టు ఉంటుంది, అంతే. ఎర తోక మాత్రమే తెగి వస్తుంటే మీరు తొందరపడి లాగుతున్నట్టు. ఒకట్రెండు సెకన్లు ఆగి లాగండి.