ఒకటి, రెండు తరగతులు తీసుకున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, అత్తయ్య ఆశీస్సులు.

నీకు ఒకటి, రెండు తరగతులు కలిపి అప్పజెప్పారనీ, సబ్జెక్టులన్నీ నువ్వే చెప్పాలనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. "చిన్నపిల్లలే కదా, తేలిక" అని కూడా అన్నాడు. వాడు ఒక్క పూటయినా ఆరేళ్ల పిల్లల గుంపు ముందు నిలబడలేదు కాబట్టి ఆ మాట పట్టించుకోకు. నువ్వు ఉత్తరంలో అడిగిన ప్రశ్న మంచిది. ఈ రెండేళ్లలో పిల్లలకు నిజంగా ఏం రావాలి, వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఏం రావాలో నీ దగ్గరున్న పుస్తకాల్లో ఉంది, దాన్ని మళ్లీ ఏకరువు పెట్టను. వచ్చిందో లేదో తెలుసుకోవడం గురించే రాస్తాను. ఈ వయసులో ఒప్పు జవాబు మనకు చెప్పేది తక్కువ. పక్కవాడి పలక చూసి రాయవచ్చు, కంఠస్థం పట్టవచ్చు, నీ ముఖం చూసి ఊహించవచ్చు. తప్పు జవాబును మాత్రం బిడ్డ సొంతంగా ఆలోచించి తయారు చేసుకుంటుంది. అందులో ఏదో ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క పట్టుకోవడమే నీ పనిలో సగం.

ముందు గణితం తీసుకో, అక్కడ ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అంకెలు వరసగా చెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు. ఏడు గింజలు ముందు పెట్టి లెక్కపెట్టమను. "ఒకటి, రెండు... ఏడు" అని చక్కగా చెబుతాడు. "అయితే ఎన్ని ఉన్నాయి?" అని అడుగు. కొందరు మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతారు. చివరి అంకె మొత్తానికి చెందుతుందనే సంగతి వాళ్లకు ఇంకా అందలేదన్నమాట. అలాంటి బిడ్డకు కూడికలు మొదలుపెట్టినా ఫలితం ఉండదు. ఇంకొందరు ఇరవై తొమ్మిది దాటగానే "ఇరవై పది" అంటారు. నవ్వకు. ఇరవై ఒకటి, ఇరవై రెండు అని మనమే నేర్పిన పద్ధతిని వాళ్లు నమ్మకంగా కొనసాగిస్తున్నారు. పది ఒకట్లు కలిస్తే కొత్త పది పుడుతుందని పుల్లల కట్టలతో చూపిస్తే చాలు.

నూట నాలుగు రాయమంటే 1004 రాసేవాళ్లు ప్రతి తరగతిలో ఉంటారు. విన్నది విన్నట్టు రాశారు: నూరుకు 100, దాని పక్కన 4. వినికిడి బాగానే ఉంది, స్థానవిలువే రాలేదు. "తప్పు, పదిసార్లు రాయి" అంటే పది సార్లు 104 అని చూసి రాస్తాడు, రెండు వందల ముప్ఫై ఐదు దగ్గర మళ్లీ 20035కు వస్తాడు. తీసివేతలోనూ అంతే. 52 నుంచి 28 తీయమంటే 36 వస్తుంది. ఎందుకంటే రెండులోంచి ఎనిమిది పోదు, కాబట్టి ఎనిమిదిలోంచి రెండు తీశాడు. పెద్దదానిలోంచి చిన్నది తీయాలని మనం చెప్పిన మాటనే పాటించాడు. ఆ మాట ఒంటి అంకెల దగ్గర పనికొచ్చింది, ఇక్కడ కొంప ముంచింది. అందుకే "ఎప్పుడూ ఇలాగే చేయాలి" అని చెప్పే ముందు, ఆ మాట వచ్చే ఏడాది కూడా నిజమేనా అని ఒకసారి ఆలోచించుకో.

సమానం గుర్తు సంగతీ చెప్పాలి. 8 + 4 = ☐ + 5 అని రాసి ఖాళీలో ఏం రావాలని అడిగి చూడు. చాలామంది 12 అంటారు, కొందరు అన్నీ కలిపేసి 17 అంటారు. వాళ్ల దృష్టిలో ఆ గుర్తుకు "ఇక జవాబు రాయి" అని అర్థం. రెండు వైపులా ఒకే విలువ ఉండాలని ఎవరూ చూపించలేదు. పై తరగతుల్లో బీజగణితం రావడం లేదని ఏడ్చే పిల్లల్లో కొందరి కష్టానికి మూలం ఇక్కడే ఉంటుంది. నీ నల్లబల్ల మీద 7 = 3 + 4 అని కూడా అప్పుడప్పుడు రాస్తుండు, అది ఖర్చు లేని మందు.

చదవడం దగ్గరకు వద్దాం. బొమ్మ ఉన్న పాఠాన్ని గడగడా అప్పజెప్పే బిడ్డను చూసి మురిసిపోకు. బొమ్మను చేత్తో మూసి, వాక్యం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడుగు. "పులి" ఉన్నచోట "పిల్లి" అంటే మొదటి అక్షరం చూసి మిగిలింది ఊహిస్తున్నాడు. "అక్క"ను "అక" అంటే ఒత్తు కంటికి ఆనడం లేదు. నిజానికి ఒత్తులు అంత తేలిక కాదు. చాలా హల్లుల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉంటాయి కానీ త, న, మ, య, ర, ల ఒత్తులకు వేరే ఆకారాలు. ఎక్కువగా కనిపించేవీ అవే. వాటికి విడిగా సమయం ఇవ్వాలి. మ, య, వ, ప, ష, స లాంటి ఒకదాన్నొకటి పోలిన అక్షరాలను ఒకే రోజు పరిచయం చేస్తే వాళ్ల బుర్రలో కలగాపులగమవుతాయి. ఒకటి గట్టిపడ్డాకే రెండోదాన్ని తీసుకురా.

రాతలో "పాడు"కు బదులు "పడు" అని రాస్తే తప్పు ఎక్కడ పుట్టిందో చూడాలి. రెండు మాటలూ పలికి, ఒక్కోదానికి అభినయం చేసి చూపమను. సరిగ్గా చూపిస్తే చెవికి తేడా తెలుసు, దీర్ఘం రాయడమే మరిచాడు. చూపించలేకపోతే చెవి దగ్గరే పని ఉంది, చప్పట్లతో సాగదీసి పలికించు. ఎర్ర సిరా పెట్టి రెండింటినీ ఒకే తప్పుగా లెక్కేస్తే వాడికి ఏమీ తెలియదు, నీకూ తెలియదు.

అక్షరాలు, అంకెలు అద్దంలో చూసినట్టు తిరగేసి రాసే పిల్లలు నీకు తప్పకుండా తగులుతారు. కంగారు పడకు, తల్లిదండ్రులను కంగారు పెట్టకు. కప్పు ఎటు తిరిగినా కప్పే అని ఇంతకాలం నేర్చుకున్న కన్ను అది. 3 మాత్రం ఎటు తిరిగిందో చూడాలంటే కొంత సమయం పడుతుంది. చాలామందిలో ఏడెనిమిదేళ్లకు సర్దుకుంటుంది. అప్పటికీ చదవడమే కష్టంగా ఉంటే అప్పుడు నిపుణులకు చూపించమను.

పరిసరాల పాఠంలో పిల్లలు ఖాళీ బుర్రలతో రారు, సిద్ధాంతాలతో వస్తారు. కదిలేదానికి ప్రాణం ఉంటుంది, కాబట్టి సూర్యుడికీ మబ్బుకూ ప్రాణం ఉంది, చెట్టుకు లేదు. బరువైనది మునుగుతుంది. ఇవి చెప్పి పోగొట్టగలిగేవి కావు. నీళ్ల తొట్టెలో సూది, పెద్ద చెక్కముక్క వేయించు, వేసే ముందు ఏమవుతుందో ఒక్కొక్కరి చేత చెప్పించు. తర్వాత మట్టి ముద్ద వేస్తే మునుగుతుంది, అదే మట్టిని దోనెలా వంచితే తేలుతుంది. అక్కడ గది నిశ్శబ్దమైపోతుంది చూడు. ఆ ఐదు నిమిషాలు పాఠం చెప్పకు.

భూమి గుండ్రంగా ఉంటుందని అందరూ అంటారు. బొమ్మ గీసి అందులో మనిషిని నిలబెట్టమను. స్టెల్లా వోస్నియాడూ, విలియం బ్రూవర్ అనే పరిశోధకులు 1992లో ప్రచురించిన అధ్యయనంలో ప్రాథమిక పాఠశాల పిల్లలను ఇలాంటి ప్రశ్నలే అడిగారు. కొందరికి భూమి గుండ్రటి పళ్లెం, కొందరికి లోపల చదునైన నేల ఉన్న బోలు బంతి. ఇంకొందరికి రెండు భూములున్నాయి, ఒకటి మనం నిలబడేది, ఒకటి ఆకాశంలో గుండ్రంగా ఉండేది! కాళ్ల కింద నేల చదునుగా కనిపిస్తుంది, టీచరు గుండ్రం అంటుంది. రెండింటినీ నిలబెట్టడానికి ఆ బిడ్డ పడిన పాట్లు అవి. ప్రశ్నపత్రంలో మాత్రం అందరూ "గుండ్రం" అనే రాసి మార్కు తెచ్చుకుంటారు.

బొమ్మలు, పాటలు, కత్తిరింపుల గురించి ఎక్కువ రాయను, నువ్వు వాటిలో నాకంటే ఘనురాలివి. కత్తెర పట్టలేని చేయి పెన్సిలుతోనూ త్వరగా అలిసిపోతుందని మాత్రం గుర్తుంచుకో.

ఇప్పుడు అడిగే తీరు. జీన్ పియాజే అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం నువ్వు శిక్షణలో చదివే ఉంటావు. రెండు వరసల్లో సమానంగా బిళ్లలు పేర్చి, ఒక వరసను ఎడంగా జరిపి, ఇప్పుడు ఎందులో ఎక్కువ అని అడిగితే చిన్నపిల్లలు పొడుగు వరస చూపిస్తారు. 1970లలో మెక్‌గారిగల్, డోనాల్డ్‌సన్ అనే ఇద్దరు దీన్నే కొంచెం మార్చి చేశారు. పెద్దవాళ్లు కాకుండా ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి వరసను చెదరగొట్టినట్టు చూపించారు. అప్పుడు చాలా ఎక్కువ మంది పిల్లలు "సమానమే" అన్నారు. పెద్దవాళ్లు పనిగట్టుకుని జరిపి, అదే ప్రశ్న మళ్లీ అడిగితే, జవాబు మార్చమంటున్నారని పిల్లలు అనుకుంటారని దీనికి ఒక వివరణ ఉంది. నీ తరగతిలోనూ అంతే. తప్పు చెప్పినప్పుడు మాత్రమే "ఎందుకలా?" అని అడిగితే వారంలో ఆ మాటకు "తప్పు" అనే అర్థం స్థిరపడిపోతుంది. ఒప్పు చెప్పినా "ఎలా తెలిసింది?" అని అడుగు. అడిగాక నోరు మూసుకుని ఆగు. ఆరేళ్ల బిడ్డకు మాటలు పేర్చుకోవడానికి మనం ఊహించేదానికంటే ఎక్కువ సేపు పడుతుంది.

ముత్యాల్లాంటి రాతతో, ఒక్క కొట్టివేత లేని నోటుపుస్తకాలను చూసి అధికారులు మెచ్చుకుంటారు. నాకు మాత్రం అవంటే అనుమానం. అది నల్లబల్ల నుంచి ఎత్తిరాసిన పుస్తకం కావచ్చు. నువ్వు నీ కోసం వేరే నోటుపుస్తకం పెట్టుకో. పిల్లవాడి పేరు, వాడు చెప్పిన తప్పు జవాబు, దాని వెనక లెక్క ఏమై ఉంటుందని నీకు తోచిందో, ఈ మూడూ రాసుకో. రోజూ అందరివీ కుదరవు, ఇద్దరు ముగ్గురివి చాలు. నెల తిరిగేసరికి ఒకే తప్పు చేసేవాళ్లు ఎవరెవరో తెలుస్తుంది, వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి పది నిమిషాలు చెబితే సరిపోతుంది. తల్లిదండ్రులు వచ్చినప్పుడు "లెక్కల్లో వెనకబడ్డాడు" అనే బదులు "ముప్ఫై వరకు బాగా వస్తాయి, తీసివేతలో పదిని విడదీయడం ఇంకా రాలేదు" అని చెప్పగలుగుతావు. వాళ్లు ఇంటికి వెళ్లి కొట్టడానికి బదులు పుల్లలు తీస్తారు.

ఇంకొక్క మాట. సిలబస్ మిగిలిపోయిందని ఆటల పీరియడును లెక్కలకు వాడుకొమ్మని ఎవరైనా చెబితే, మర్యాదగా వినేసి, పిల్లల్ని మైదానంలోకి తీసుకెళ్లు.

ఉత్తరం రాస్తుండు. నీ నోటుపుస్తకంలో మొదట ఎక్కిన తప్పులు నాకు పంపు.

అత్తయ్య