ముక్కు దూలానికి రింగ్: ఎవరు, ఎక్కడ గుచ్చుతున్నారన్నదే ముఖ్యం

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. తిరుపతిలో డిగ్రీ చదువుతూ కూచిపూడి నేర్చుకుంటున్నాను. ప్రోగ్రాముల్లో నొక్కి పెట్టుకునే బులాకీ వాడతాం. అది మాటిమాటికీ జారిపోతోంది. అందుకే ముక్కు మధ్యలో కుట్టించుకుని, మామూలు రోజుల్లో చిన్న రింగ్ పెట్టుకోవాలని ఉంది. మా అమ్మ మాత్రం ‘దూలం చెడిపోతుంది, ఊపిరాడదు’ అని వద్దంటోంది. నా చెవులు కుట్టిన ఆచారి దగ్గరికే వెళ్లొచ్చా? తర్వాత ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? వచ్చే నెల ఇంట్లో అందరం కపిలతీర్థంలో స్నానానికి వెళ్లాలనుకుంటున్నాం.
- ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ అమ్మగారి భయాన్ని కొట్టిపారేయలేం. సరైన చోట గుచ్చితే దూలానికి ఏమీ కాదు, ఊపిరికి అడ్డూ రాదు. చోటు తప్పితే మాత్రం ఆవిడ అన్నంతా జరగొచ్చు.

చేతులు శుభ్రంగా కడుక్కుని, బొటనవేలు ఒక రంధ్రంలో, చూపుడువేలు మరో రంధ్రంలో కొద్దిగా పెట్టి మధ్య గోడను మెల్లగా పట్టుకుని చూడండి. కింద, పెదవి వైపు కండ మందంగా తగులుతుంది. కాస్త లోపలికి వెళ్తే గట్టిగా ఉంటుంది. అదే కార్టిలేజ్, మనం దూలం అనే భాగం. ఈ రెండింటికీ మధ్య, ముక్కు కొనకు దగ్గరగా, పల్చటి పొర లాంటి చోటు ఉంటుంది. గుచ్చాల్సింది అక్కడే. కొందరిలో ఈ చోటు చాలా చిన్నది. దూలం వంకర ఉన్నవాళ్లలో రింగ్ పక్కకు తిరిగినట్టు కనిపిస్తుంది. అందుకే ముందుగా ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోమంటాను. టార్చి వేసి చూస్తే అయిదు నిమిషాల్లో తేలిపోయే విషయం.

ఇక ఆచారి సంగతి. చెవి తమ్మెకూ ముక్కు పక్కకూ బంగారు తీగ గుచ్చడంలో వాళ్ల చేతి నైపుణ్యం గొప్పదే, నాకు గౌరవమే. కానీ ముక్కు మధ్యలో గుచ్చడం వేరే పని. తీగ మొన లోపలికి దిగేటప్పుడు కాస్త పక్కకు జారినా కార్టిలేజ్‌కు తగులుతుంది. పైగా పనిముట్లను స్పిరిట్‌తో తుడిస్తే హెపటైటిస్ బి, సి వైరస్‌లు పూర్తిగా పోతాయన్న భరోసా లేదు. సీల్ ఉన్న ప్యాకెట్‌ను మీ కళ్ల ముందే చించి తీసిన కొత్త సూది వాడాలి. పట్టుకారు, రింగ్ ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) పెట్టినవై ఉండాలి. గుచ్చే మనిషి కొత్త గ్లవ్స్ వేసుకోవాలి. చెవులకు వాడే గన్‌తో ముక్కు మధ్యలో కుట్టించుకోవద్దు. ఇవన్నీ అడిగితే విసుక్కునే చోట కూర్చోవద్దు, లేచి వచ్చేయండి. మన ఊళ్లో నమ్మకమైన చోటు దొరక్కపోతే చెన్నై దగ్గరే కదా, అక్కడ శిక్షణ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి రండి.

మొదట పెట్టే రింగ్ ఇంప్లాంట్ గ్రేడ్ (శరీరం లోపల అమర్చడానికి వాడే రకం) టైటానియంది అయితే మంచిది. వన్ గ్రామ్ గోల్డ్, కవరింగ్ నగలు అస్సలు వద్దు. పై పూత అరిగితే లోపలి నికెల్ పుండుకు తగిలి దురద, రసి మొదలవుతాయి. 22 క్యారెట్ల బంగారం మెత్తటి లోహం కాబట్టి తేలిగ్గా గీతలు పడుతుంది, ఆ గీతల్లో మురికి చేరుతుంది. అది పుండు మానాక పెట్టుకోండి. ఇంకో మాట. కుట్టించుకోవడానికి ఇంట్లో ఒప్పుకోలేదని కొందరు పిల్లలు అయస్కాంతం రింగులు కొంటున్నారు. రెండు వైపుల నుంచీ గట్టిగా అతుక్కుని మధ్య గోడకు రక్తం అందకుండా చేస్తాయవి. గోడకు చిల్లు పడే ప్రమాదం ఉంది. దయచేసి వాటి జోలికి పోవద్దు.

గుచ్చేటప్పుడు నొప్పి ఒక్క క్షణం. కళ్లలో నీళ్లు వాటంతటవే వస్తాయి, టెన్షన్ పడొద్దు. వారం పది రోజులు ముక్కు కొన ముట్టుకుంటే నొప్పిగా ఉంటుంది. తెల్లటి నీరు కారి రింగ్ చుట్టూ పక్కు కడుతుంది. ఇదంతా మామూలే.

మామూలు కానిది ఒకటుంది. మీరూ మీ అమ్మగారూ ఇద్దరూ గుర్తుపెట్టుకోవాల్సింది అదే. కార్టిలేజ్‌కు సొంతంగా రక్తనాళాలు ఉండవు, దాన్ని అంటుకుని ఉన్న పొర నుంచే దానికి పోషణ అందుతుంది. సూది తప్పు చోట దిగి ఆ పొరకూ కార్టిలేజ్‌కూ మధ్య రక్తం చేరితే పోషణ ఆగిపోతుంది. రెండు మూడు రోజుల్లోనే కార్టిలేజ్ చచ్చుబడటం, అక్కడ చీము పట్టడం జరగొచ్చు. చివరికి ముక్కు మధ్యలో కుంగిపోతుంది, మళ్లీ నిలబెట్టాలంటే ఆపరేషన్ చేయాలి. రెండు రంధ్రాలూ మూసుకుపోతుంటే, నొప్పి తగ్గాల్సింది పోయి పోటుగా పెరుగుతుంటే, టార్చి వేస్తే మధ్య గోడకు ఎర్రగానో ఊదాగానో ఉబ్బు కనిపిస్తుంటే, జలుబు అనుకుని ఆవిరి పట్టుకుంటూ కూర్చోవద్దు. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మన రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది, రాత్రయితే ఎమర్జెన్సీకి వెళ్లండి. తొలిరోజే వస్తే చిన్న గాటు పెట్టి ఆ రక్తం తీసేస్తాం, ముక్కు దక్కుతుంది.

పచ్చటి చీము, జ్వరం, బుగ్గల వైపు పాకే ఎరుపు కనిపించినా ఆలస్యం చేయొద్దు. ఆ భాగంలోని రక్తనాళాలకు మెదడు దగ్గరి నాళాలతో సంబంధం ఉంది. అలాగని భయపడి మీ అంతట మీరు రింగ్ లాగేయకండి. పైన రంధ్రం మూసుకుపోతే చీము లోపలే ఉండిపోతుంది. తీయాలో వద్దో డాక్టర్ చూసి చెబుతారు.

రోజువారీ సంరక్షణ చాలా తేలిక. మెడికల్ షాపులో 0.9 శాతం నార్మల్ సెలైన్ అడగండి. చేతులు కడుక్కున్నాక కట్టు కట్టడానికి వాడే శుభ్రమైన పల్చటి గుడ్డను (గాజ్) దాంతో తడిపి, ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి రింగ్ దగ్గర కాసేపు ఆనించండి. పక్కు నానితే దానంతటదే ఊడొస్తుంది, గోటితో గిల్లొద్దు. సీసా మూత తీశాక రోజుల తరబడి వాడొద్దు. ఇంట్లో ఉప్పు నీళ్లు కలిపితే దాదాపు అందరూ ఉప్పు ఎక్కువే వేస్తారు, అది పుండును మండిస్తుంది. పసుపు, కొబ్బరినూనె, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏదీ అక్కర్లేదు. రింగ్‌ను తిప్పుతూ ఉండాలని పెద్దవాళ్లు చెబుతారు. తిప్పిన ప్రతిసారీ లోపల కొత్తగా అతుక్కుంటున్న చర్మం చిరుగుతుంది. కాలేజీలో కనపడకూడదనుకుంటే గుర్రపు లాడం ఆకారపు రింగ్ పెట్టించుకుని పైకి మడిచి అలాగే ఉంచేయండి. పొద్దున పైకి, సాయంత్రం కిందకి అంటే పుండు మానదు.

రెండు మూడు నెలలకు పైకి మానినట్టు కనిపిస్తుంది, లోపల పూర్తిగా గట్టిపడటానికి ఇంకా సమయం పడుతుంది. కాబట్టి వచ్చే నెల కపిలతీర్థం ధార కింద తల పెట్టడం, కోనేట్లో మునగడం కుదరదు. స్నానం ముందు, కుట్టించుకోవడం తర్వాత పెట్టుకోండి. జలుబు, డస్ట్ అలర్జీ ఉన్న రోజుల్లో కూడా వాయిదా వేయండి. తుమ్ముతూ, చీదుతూ ఉంటే ఆ చోటికి విశ్రాంతే ఉండదు. ఈ నెలల్లో ప్రోగ్రాం ఉంటే నొక్కి పెట్టే బులాకీ వాడొద్దు, పుండు మీదే నొక్కుకుంటుంది. బరువైన అసలు బులాకీకి కనీసం ఆరు నెలలు ఆగండి, అప్పుడు కూడా ప్రోగ్రాం అయ్యాక తీసేసి తేలిక రింగ్ వేసుకోండి.

షుగర్, గుండె కవాటాల జబ్బు, కీలాయిడ్ మచ్చలు (గాయం మానిన చోట ఉబ్బెత్తుగా పెరిగేవి) వచ్చే తత్వం, రక్తం పల్చబడే మందులు, వీటిలో ఏది ఉన్నా ముందు మీ డాక్టర్‌ను అడగండి. మన టీకాల కార్యక్రమంలో 16వ ఏట ఇచ్చే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసే) ఇంజెక్షన్ వేయించుకున్నారా, హెపటైటిస్ బి టీకా డోసులు పూర్తయ్యాయా అని ఇంట్లో కార్డు వెతికి చూడండి.

మీ అమ్మగారికి ఇది కూడా చెప్పండి: తర్వాత వద్దనుకుని తీసేసినా ఆ గుర్తు లోపలి వైపే ఉంటుంది, ఎదురుగా చూసేవాళ్లకు కనపడదు. వీలైతే డాక్టర్ దగ్గరికి ఆవిడనూ వెంట తీసుకెళ్లండి. కుట్టించుకున్న తేదీ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఆ తర్వాత ఏడాది పాటు రక్తదానం చేయకూడదు. ఎంఆర్‌ఐ తీయాల్సి వస్తే రింగ్ ఉందని అక్కడి టెక్నీషియన్‌కు ముందే చెప్పాలి.