నాన్నగారి కొట్టు నుంచే మొదలుపెట్టండి

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని గాజువాక. బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఒక సంస్థకు రాబోయే ఐదు, పదేళ్లలో ఏ టెక్నాలజీ కావాలో నిర్ణయించే ఉద్యోగంలోకి వెళ్లాలని నా కోరిక. వెంటనే ఎంబీఏలో చేరాలా? నాన్నగారికి ఆటోనగర్‌లో లారీ విడిభాగాల హోల్‌సేల్ వ్యాపారం ఉంది. ‘బిల్లు కొట్టే కంప్యూటర్‌కు పదేళ్ల ప్రణాళిక ఏమిటమ్మా?’ అంటారు.

జవాబు: వెంటనే వద్దు. రెండు మూడేళ్లు ఉద్యోగం చేశాక ఎంబీఏకు వెళ్లండి. వ్యాపారంలో సరుకు, కాగితం, డబ్బు ఎలా కదులుతాయో తెలియకుండా ఈ పని ఎవరికీ పట్టుబడదు.

నాన్నగారి ప్రశ్న చిన్నదేమీ కాదు. జీఎస్టీలో ఈ-ఇన్‌వాయిస్, అంటే ఇతర వ్యాపారులకిచ్చే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలన్న నిబంధన సంగతే తీసుకోండి. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటిన సంస్థలతో మొదలైంది. 2021 జనవరికి 100 కోట్లు, ఏప్రిల్‌కు 50, మరుసటి ఏడాది 20, తర్వాత 10, చివరికి 2023 ఆగస్టులో 5 కోట్లు. మెట్టు మెట్టుగా దిగి వస్తుంటే గమనించినవారు తమ వంతు రాకముందే సిద్ధపడ్డారు. మిగతావారు ఆఖరి వారంలో సాఫ్ట్‌వేర్ మనిషి కోసం పరుగులు తీశారు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోతుందని కూడా ఏళ్ల ముందే తెలుసు. కొట్లో కంప్యూటర్లు ఎన్ని, వాటిలో విండోస్ 11 పట్టేవి ఎన్ని అని రాసుకుని ఏడాదికి ఒకటో రెండో మార్చుకుంటూ రావడం ప్రణాళిక కాక మరేమిటి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక తెలిసిన వ్యాపారి గోదాముకు వెళ్లాను. కంప్యూటర్ పెట్టెను విప్పి ఎండలో ఆరబెట్టారు. బ్యాకప్ ఎక్కడుందని అడిగితే టేబులు సొరుగు లాగారు. బురదనీళ్లలో పెన్‌డ్రైవ్. ఆ తర్వాత ఆయన బాకీదారుల ఇళ్లకు వెళ్లి, ‘మీరు ఎంత ఇవ్వాలో మీరే చెప్పండి’ అని అడగవలసి వచ్చింది. లెక్కల నకలు ఊరికి దూరంగా ఉండాలన్న ఒక్క నిర్ణయం ముందే తీసుకుని ఉంటే ఆ పెద్దాయనకు ఆ అవస్థ తప్పేది.

ఈ సెలవుల్లో ఒక వారం కొట్లో కూర్చోండి. ఒక్క ఆర్డరును పట్టుకుని, ఫోను వచ్చినప్పటి నుంచి డబ్బు బ్యాంకులో పడేదాకా వెంబడించండి. ఒకే అంకెను ఎన్నిచోట్ల రాస్తున్నారో చూడండి. రెండు రోజులు ఏది ఆగితే వ్యాపారం ఆగుతుందో గుమాస్తాను అడగండి. ఆయన మాట తప్పకుండా వినండి, కొత్త సాఫ్ట్‌వేర్ ఆయన చేతికి అలవాటు కాకపోతే పెట్టిన డబ్బంతా వృథా. ఏది ఉంచాలి, ఏది మార్చాలి, ఏ సంవత్సరంలో, ఎంత ఖర్చుతో అన్నది ఒక్క పేజీలో రాసి నాన్నగారికి చూపించండి. ‘ఇంత డబ్బు ఎక్కడిది?’ అని ఆయన అడిగే ప్రశ్ననే రేపు ఏ కంపెనీ యజమాని అయినా అడుగుతారు.

మొదటి ఉద్యోగంగా బిజినెస్ అనలిస్టు (వ్యాపార అవసరాలను సాఫ్ట్‌వేర్ బృందానికి వివరించే పని) గానీ, ఈఆర్‌పీ (లెక్కలు, సరుకు, కొనుగోళ్లు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) అమలు చేసే బృందంలో స్థానం గానీ వెతకండి. పరవాడ ఫార్మా పరిశ్రమల్లాంటి చోట ఉత్పత్తి, నిల్వ, రవాణా దగ్గరగా చూడవచ్చు. జీతం కాస్త తక్కువైనా వెనకాడవద్దు. సంస్థ మొత్తానికి టెక్నాలజీ ప్రణాళిక వేసే పద్ధతి నేర్పే టోగాఫ్ వంటి సర్టిఫికెట్లు ఆ అనుభవం వచ్చాకే. ఎంబీఏకు ఊరు దాటవలసిన పని కూడా లేదు, 2015లో మొదలైన ఐఐఎం మన విశాఖలోనే ఉంది. దానికి రాయవలసిన ప్రవేశ పరీక్ష క్యాట్ సాధారణంగా నవంబరు చివర్లో జరుగుతుంది, దరఖాస్తులు ఆగస్టులో మొదలవుతాయి.