అంగడి నుంచి తెచ్చిన కోడి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం కోళ్లను కొనడం, మార్చుకోవడం, అమ్మడం గురించే ఉన్నాయి. ఒకే సంగతిని అడిగిన వాటిని కలిపి, ఐదింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా దగ్గరి అంగడిలో ఎనిమిది పట్టలను, ఒక పుంజును కొని అదే సాయంత్రం పాత కోళ్ల గూటిలో వదిలాను. ఆరో రోజున ఒక పట్ట ముడుచుకొని కూర్చుంది. తెల్లవారేసరికి ఆకుపచ్చగా పారింది, మెడ మెలితిరిగిపోయింది. పది రోజుల్లో కొత్తవి ఐదు, పాతవి పదకొండు పోయాయి. మిగిలిన వాటికి ఇప్పుడు టీకా వేయించవచ్చా? గూటిని మళ్లీ ఎప్పుడు నింపుకోవచ్చు? (ఒక రైతు, పరకాల ప్రాంతం)

జవాబు: మీరు రాసిన లక్షణాలు కొక్కెర తెగులువి. పశువైద్యులు దీనిని రాణిఖేత్ వ్యాధి అంటారు. 1920ల చివర ఉత్తరాఖండ్‌లోని కుమావు కొండలలో ఉన్న రాణిఖేత్ అనే ఊరి దగ్గర దీనిని గుర్తించినందువల్ల ఆ పేరు స్థిరపడింది. ఇది వైరస్ వల్ల వచ్చేది కాబట్టి సోకిన కోడిని నయం చేసే మందు లేదు. దుకాణంలో ఇచ్చే పసుపు రంగు మందు పొడులు నీళ్లలో కలిపి తాగించడం వల్ల డబ్బు పోవడం తప్ప వైరస్‌కు జరిగేది ఏమీ ఉండదు. అయితే ఉత్తరం చదివి రోగాన్ని ఖాయం చేయడం సరికాదు. బర్డ్ ఫ్లూ సోకినా మొదట్లో ఇంచుమించు ఇలాగే కనిపించవచ్చు, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో అది ఎంత నష్టం చేసిందో మనం చూశాం. కనుక ఒకేసారి నాలుగైదు కోళ్లు పడిపోతే చనిపోయినదాన్ని ఒట్టి చేతులతో తాకకుండా, రెండు సంచులలో మూటగట్టి ఉంచి, ముందుగా పశువుల దవాఖానకు కబురు చేయాలి. పోయిన వాటిని చెరువు కట్ట మీద పారేయకుండా లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాలి. కోయడం, వండడం అసలే వద్దు.

ఇక టీకా విషయం. ముడుచుకున్న కోడికి టీకా పనిచేయదు. పైకి బాగున్న వాటికి కంట్లో చుక్కగా వేసే టీకా వేయాలా వద్దా అన్నది కోళ్లను స్వయంగా చూసిన డాక్టరే చెప్పాలి. రోగం తిరుగుతున్న గుంపులో ఒకే సూదితో వరుసగా పొడిచే పనిని మాత్రం ఎవరినీ చేయనివ్వకండి, ఆ సూదే రోగాన్ని ఒకదాని నుంచి మరొకదానికి మోస్తుంది. బతికి బట్టకట్టిన కోళ్లు కూడా కొన్ని వారాల పాటు రెట్టలో వైరస్‌ను వదులుతాయి కాబట్టి వాటిని అంగడికి పంపకండి, కొత్తవాటిని వాటితో కలపకండి. గూటిలోని ఊకనంతా తీసి కాల్చి, నేలకూ గోడలకూ సున్నం కొట్టి, ఎండ తగలనిచ్చి, కనీసం నెల రోజులు ఖాళీగా ఉంచండి.

అసలు పొరపాటు అదే సాయంత్రం కలపడంలో ఉంది. దీనిని నేను మీకు తప్పు పట్టి చెప్పడం లేదు. చాలా ఏళ్ల కిందట నేనూ ఒక పరిచయస్తుడి దగ్గర నెమలి రంగు పుంజును చూసి మురిసిపోయి, బేరమాడకుండా కొని, చీకటి పడ్డాక మెల్లగా మా పెట్టల మధ్య కూర్చోబెట్టాను. చీకట్లో కలిపితే పొద్దున పొడుచుకోవని మా ఇంట్లో నమ్మకం. పొడుచుకోలేదు నిజమే, పదిహేను రోజులలో గూడు ఖాళీ అయింది. ఆ పుంజు మాత్రం నిక్షేపంగా ఉంది. పైకి జబ్బు లేని కోడి కూడా జబ్బును తేగలదని నేను నేర్చుకున్నది అప్పుడే.

ఈ తెగులు సోకిన తరువాత బయటపడడానికి రెండు రోజుల నుంచి పదిహేను రోజుల దాకా పట్టవచ్చు. అందుకే కొత్త కోడిని మూడు వారాలు వేరుగా ఉంచమంటాం. పెరడు చిన్నదైతే కోళ్లు లేని చుట్టాల ఇంట్లో గంప కింద ఉంచినా సరే. ముందు పాత కోళ్లకు మేత వేసి, ఆ తరువాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లాలి. నీళ్ల మూకుడు వేరుగా ఉండాలి, కాళ్లకు వేసుకునే చెప్పులు కూడా వేరుగా ఉండాలి. మొదటి వారంలోనే నట్టల మందు తాగించండి. రెండు వారాలు గడిచాక మీ పాత వాటిలో, పోయినా పెద్దగా బాధపడనిదాన్ని ఒకదాన్ని తీసుకెళ్లి కొత్తవాటి మధ్య వదలండి. వారం రోజులు అది చలాకీగా మేస్తే అప్పుడు అన్నిటినీ కలపవచ్చు.

ఈ తెగులు రాకుండా కోడిపిల్లలకు ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా అనే టీకా కంట్లో ఒక చుక్క, నాలుగు వారాలకు మళ్లీ ఒకసారి, ఎనిమిది వారాలకు ఆర్2బి అనే టీకా సూది చర్మం కింద అర మిల్లీలీటరు వేయించాలి. ఇరవై కోళ్లున్న ఇంటికి వచ్చే చిక్కు ఏమిటంటే, సీసాలో తరచుగా వంద డోసులు ఉంటాయి, కలిపిన మందు రెండు గంటలకు మించి నిలవదు. వాడకట్టులో కోళ్లున్న నాలుగైదు ఇళ్ల వాళ్లు ఒక రోజు అనుకొని, ఒకరు ఐస్ వేసిన ఫ్లాస్కులో సీసా తెస్తే, పొద్దున్నే గూళ్ల తలుపులు తీయకముందే అందరి పని అయిపోతుంది. ఎండలో జేబులో పెట్టుకొని తెచ్చిన సీసాలో ఉన్నవి ఉత్త నీళ్లే అనుకోండి.

ప్రశ్న: మిద్దె మీద పెంచుదామని అసలైన కడక్‌నాథ్ అని చెప్పిన ఇరవై పిల్లలను ఎక్కువ ధర పెట్టి కొన్నాను. మూడు నెలలు దాటేసరికి కాళ్లు నల్లగానే ఉన్నాయి గాని, జుట్టు ఎర్రబడింది, నాలుక గులాబీ రంగులో ఉంది. మోసపోయానా? నాటు కోళ్లనైనా సరిగ్గా గుర్తుపట్టి కొనడం ఎలా? (ఒక గృహిణి, హనుమకొండ)

జవాబు: మీరు కొన్నది సంకరజాతి. కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతానిది. అక్కడి కడక్‌నాథ్ మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మేలైన కోడికి కాళ్లు, చర్మంతో పాటు నోరు తెరిచి చూస్తే నాలుక, అంగిలి కూడా నల్లగా ఉంటాయి. నాటు కోడితో కలిసినప్పుడు పిల్లలకు నలుపు కొంత కొంతే వస్తుంది, అందుకే మీ వాటికి కాళ్ల దగ్గర ఆగిపోయింది. అన్నట్టు, నల్ల గుడ్డు పెడుతుందని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. దాని గుడ్డు లేత గోధుమ రంగులోనే ఉంటుంది.

నాటు కోడి అన్నది ఒక జాతి పేరు కాదు, ఊళ్లలో తరాలుగా కలిసిపోయి పెరిగిన కోళ్లకు మనం పెట్టుకున్న పిలుపు. కాబట్టి రంగును బట్టి గుర్తుపట్టలేరు. ఒకే వయసువి, ఒకే రంగువి రెండు వందల పిల్లలను తట్టల్లో పెట్టుకొని నాటు పిల్లలని అమ్ముతుంటే అవి హేచరీ పిల్లలు. చాలా చోట్ల ఫయూమి, రోడ్ ఐలాండ్ రెడ్ అనే విదేశీ జాతులను కలిపి తీసిన సోనాలీ కోళ్లే ఈ పేరు మీద చలామణి అవుతున్నాయి. అవి పెంచరానివి కావు, వాటికి నాటు ధర ఇవ్వడమే నష్టం. వీధుల్లో అమ్మే ఆకుపచ్చ, గులాబీ రంగుల పిల్లలు సాధారణంగా గుడ్ల జాతి కోళ్లలో పనికిరావని వేరుచేసిన పుంజు పిల్లలు.

అమ్మేవారి ఇంటికి వెళ్లి తల్లికోడిని చూపించమనండి, ఏ టీకా ఎప్పుడు వేశారో అడగండి. ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పేవారి దగ్గర పది రూపాయలు ఎక్కువైనా కొనవచ్చు. మీకు గుడ్లే ముఖ్యమైతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ మేలు. పెరట్లో అది ఏడాదికి సుమారు 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. గుడ్లు, మాంసం రెండూ కావాలంటే వనరాజా ఉంది. దానికి గుడ్లు 100, 110 దాకా వస్తాయి. నాటు పెట్ట వీటిలో సగం పెట్టినా గొప్పే. పిల్లలు ఎక్కడ దొరుకుతాయో మామునూరులోని కృషి విజ్ఞాన కేంద్రంలో విచారించండి.

ప్రశ్న: గ్రామప్రియ పెట్టలు పొదుగుకు కూర్చోవడం లేదని, వాటి గుడ్లు పన్నెండింటిని వైశాఖంలో నాటు పెట్ట కింద పెట్టాను. నాలుగే పిల్లలయ్యాయి. గుడ్లను పది రోజుల పాటు వంటింట్లో పోగుచేశాను. మొనదేలిన గుడ్లు పుంజులవుతాయని మా అత్తమ్మ అంటుంది, నిజమేనా? (ఒక పాఠకురాలు, ములుగు)

జవాబు: పోయిన ఎనిమిది గుడ్లూ ఒకే కారణంతో పోయాయో లేదో ఇప్పుడు చెప్పలేం, ఏడో రోజు రాత్రి చూసి ఉంటే తెలిసేది. ఒక అట్ట ముక్కకు రూపాయి బిళ్లంత రంధ్రం చేసి, దాని వెనక ఫోన్ టార్చి వెలిగించి, గుడ్డు లావు కొనను రంధ్రానికి ఆనించండి. లోపల ఒక నల్లచుక్క, దాని చుట్టూ సాలెపురుగు కాళ్ల లాగా సన్నటి ఎర్ర నరాలు కనిపిస్తే పిండం ఎదుగుతున్నట్టు. నరాలు లేకుండా ఒక ఎర్రటి ఉంగరం మాత్రమే ఉంటే పిండం మొదలై చచ్చిపోయినట్టు. ఏమీ లేక తేటగా ఉంటే అది వట్టి గుడ్డు. వట్టి గుడ్లు ఎక్కువైతే పుంజును అనుమానించాలి. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు ఉండాలి. ఉంగరాలు ఎక్కువైతే దోషం గుడ్లను నిలవ చేయడంలో ఉంటుంది.

మీ విషయంలో రెండోదే ఎక్కువ సంభవం. గది వేడి 24 డిగ్రీలు దాటితే పొదుగు లేకుండానే పిండం మెల్లగా కదలడం మొదలుపెట్టి, మధ్యలో నీరసించి పోతుంది. వైశాఖంలో మన వంటిళ్ల వేడి చెప్పనక్కరలేదు. ఎండకాలంలో మూడు నాలుగు రోజులకు మించిన గుడ్లు పొదుగుకు పెట్టకండి. వెడల్పు కుండలో తడి ఇసుక పోసి, మీద గోనెగుడ్డ పరిచి, గుడ్లను మొన కిందికి ఉండేలా నిలబెట్టి నీడలో ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టినవి మరీ చల్లబడతాయి, వాటిని కూరకే వాడుకోండి. పొదుగు మీద కూర్చునే పెట్టకు కోడిపేలు లేకుండా చూడడం మరవకండి. పేలు కొరికితే అది మాటిమాటికీ లేస్తుంది, గుడ్లు చల్లారతాయి.

మొన సంగతి నిజం కాదు. పుంజా, పెట్టా అన్నది తల్లి నుంచి వచ్చే అంశాన్ని బట్టి గుడ్డు తయారయ్యేనాడే తేలిపోతుంది, పెంకు ఆకారంతో దానికి సంబంధం లేదు. అత్తమ్మతో ఈ మాట మీద వాదం పెట్టుకోకుండా, ఈసారి మొనదేలిన వాటికి బొగ్గుతో గుర్తు పెట్టి చూడండి. ఇంకొక మాట: గ్రామప్రియ వేర్వేరు కోళ్ల వంశాలను కలిపి తీసినది కాబట్టి దాని పిల్లలు తల్లి అంత గుడ్లు పెడతాయని నమ్మకం లేదు, వాటిని గ్రామప్రియ అని అమ్మడమూ న్యాయం కాదు.

ప్రశ్న: నా దగ్గర ఉన్న అసీల్ జాతి పుంజును పందెం కోసం పెద్ద ధరకు అడుగుతున్నారు. అమ్మితే నాకేమైనా ఇబ్బందా? (ఒక యువకుడు, జనగామ)

జవాబు: అసీల్‌ను పెంచడం, జాతి కోసం అమ్మడం నేరం కాదు. పందేనికి కోళ్లను ఉసిగొల్పడం 1960 నాటి జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం కింద నేరం. పందేనికని చెప్పి అడుగుతున్నవారికి తెలిసి అమ్మకండి. మంచి పుంజుకు పెట్టలున్న ఇళ్ల నుంచి కూడా గిరాకీ ఉంటుంది.

ప్రశ్న: మేడారం జాతర నాటికి ముప్పై నాటు పుంజులను సిద్ధం చేసి అమ్మాలనుకుంటున్నాను. ఎప్పుడు మొదలుపెట్టాలి? మిగిలిపోతే ఏం చేయాలి? (ఒక రైతు, మహబూబాబాద్)

జవాబు: సమ్మక్క సారలమ్మల జాతర రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమి వేళ వస్తుంది. నాటు పుంజు కొనేవారి కంటికి ఆనేంత ఎదగడానికి ఆరేడు నెలలు పడుతుంది. కనుక మాఘానికి కావాలంటే ఆషాఢంలో, ఆలస్యమైతే శ్రావణం మొదట్లో పిల్లలు పొదగబడాలి. పొదిగినవాటిలో సగం పెట్టలే అవుతాయని, కొన్నిటిని గద్దలూ ముంగిసలూ తీసుకుపోతాయని లెక్క వేసుకుంటే ముప్పై పుంజులకు ఎనభై పిల్లలైనా కావాలి. అది వానాకాలం. తడిసిన ఊక మీద పెరిగే పిల్లలకు మూడు నుంచి ఆరు వారాల వయసులో రక్తపారుడు పట్టుకుంటుంది కాబట్టి ఊకను రెండు రోజులకొకసారి తిరగవేసి, తడిసినదాన్ని ఎప్పటికప్పుడు తీసేయండి.

అమ్మేటప్పుడు కాళ్లు కట్టి తలకిందులుగా బండికి వేలాడదీయకండి. గంపల్లో, ఒక్కొక్క దానిలో నాలుగైదు చొప్పున తీసుకెళితే రెక్కలు విరగవు, బరువు తగ్గదు, చూసినవారు ధర కూడా ఇస్తారు. తూకం మీ ఎదుటే వేయించండి. మిగిలిన పుంజులను ఎంత తక్కువకైనా అక్కడే అమ్మేయడం మేలు. మనసొప్పక ఇంటికి తెచ్చుకుంటే, అవి మీ గూటిలోనే పుట్టినవైనా సరే, వంద ఊళ్ల కోళ్ల మధ్య రోజంతా ఉండి వచ్చాయి గనుక, కొత్తగా కొన్నవాటికి లాగానే మూడు వారాలు వేరే గంప కింద ఉంచండి.