జేకబ్స్ పిల్లోలో కథ కోసం వెతకాలా?

ప్రశ్న: మా అబ్బాయి బోస్టన్‌లో ఉంటున్నాడు. వచ్చే వేసవిలో మేము వెళ్లినప్పుడు జేకబ్స్ పిల్లో నృత్యోత్సవానికి తీసుకువెళతానంటున్నాడు. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను గాని ఆధునిక నృత్యం నాకు బొత్తిగా కొత్త. కథ, పాట లేని నృత్యం అర్థమవుతుందా? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు నేర్చుకున్న తరంగంలో పళ్లెం అంచుపై పాదాలు నిలిపి జతులకు, అంటే లయ పలుకులకు, కదిలే ఘట్టాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. అప్పుడు కథ ఏమైందని ఎవరూ అడగరు. చూపంతా పాదాల మీదే ఉంటుంది. ఆధునిక నృత్యాన్నీ అలాగే చూడడం మొదలుపెట్టండి. మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలిచే మన అరమండిలో ఒంటి బరువును అదుపులో నిలిపి పాదంతో నేలను తాడిస్తాం. ఆధునిక నృత్యంలో చాలామంది నర్తకులు ఆ బరువును నేలకే అప్పగించి, ఒరిగి, పడి, ఊపిరి తీస్తూ లేస్తారు. పడడానికీ లేవడానికీ మధ్యనున్న క్షణాన్ని గమనిస్తే చాలావరకు అందుతుంది.

మసాచుసెట్స్ పశ్చిమాన బెర్క్‌షైర్ కొండల్లో బెకెట్ అనే ఊళ్లో ఉన్న ఈ కేంద్రం ఒకప్పుడు పొలం. దాన్ని 1931లో కొన్న నర్తకుడు టెడ్ షాన్, నృత్యం మగవారి పని కాదని అమెరికాలో చాలామంది చిన్నచూపు చూస్తున్న రోజుల్లో, 1933లో కేవలం పురుషులతో ఒక బృందాన్ని కట్టి, అక్కడి కొట్టంలో అతిథులకు తేనీరు ఇచ్చి మరీ ప్రదర్శనలు చూపించారు. పురుషులే స్త్రీపాత్రలు కట్టిన కూచిపూడి భాగవతుల సంప్రదాయం తెలిసిన మీకు ఆ పాట్లు వింతగానే తోస్తాయి. నృత్యం కోసమే కట్టిన చెక్క థియేటరు 1942లో తెరుచుకుంది. భరతనాట్య కళాకారిణి తంజావూరు బాలసరస్వతి 1962లో ఈ ఉత్సవంలోనే నర్తించారు కనుక, మన అభినయం అక్కడి ప్రేక్షకులకు కొత్త కాదు.

ఉత్సవం జూన్ చివర మొదలై ఆగస్టు చివరిదాకా సాగుతుంది. ఒక్కరోజే వీలైతే, సాయంత్రం కొండలే వెనుక తెరగా ఉండే ఆరుబయట వేదిక దగ్గర ముందుగా కూర్చుని, ఆ తరువాత థియేటరులోకి వెళ్లండి. నా మటుకు మొదటిదే ఎక్కువ ఇష్టం. ప్రదర్శనకు ముందు జరిగే పరిచయ ప్రసంగాన్ని వదులుకోవద్దు. బోస్టన్ నుంచి కారులో రెండు గంటలకు పైగా పడుతుంది, రాత్రి తిరుగు ప్రయాణం కొండదారిలో ఉంటుంది కనుక దగ్గర్లోనే బస చూసుకోమని మీ అబ్బాయికి చెప్పండి. వేసవే అయినా పొద్దు వాలాక అక్కడ చలి వేస్తుంది, ఒక శాలువా దగ్గర ఉంచుకోండి.