సైకిల్ సందేహాలు: పంక్చర్ వేసినా గాలి నిలవదేం?

ప్రశ్న: వెనక చక్రానికి పంక్చర్ వేయిస్తే రెండు రోజులు నిలుస్తోంది, మళ్ళీ గాలి పోతోంది. కొత్త ట్యూబు వేసినా ఇదే వరస. టైరు కూడా మార్చేయమంటారా?

జవాబు: అప్పుడే వద్దండి. చిల్లి ఎక్కడ పడుతోందో ముందు చూడాలి. ట్యూబు బయటికి లాగకముందే టైరు మీద వాల్వు ఉన్నచోట సుద్దతో గీత పెట్టుకోండి. ట్యూబుకు గాలి కొట్టి, నీళ్ళలో ముంచి, బుడగలు వచ్చే చోటు పట్టుకున్నాక వాల్వును ఆ గీతకు సరిపెట్టి ట్యూబును టైరు పక్కన పరవండి. చిల్లికి ఎదురుగా టైరులో ఏ భాగం ఉందో తెలిసిపోతుంది.

చిల్లి టైరును తాకే వైపు ఉంటే ముల్లో, గాజుపెంకో, సన్నటి తీగముక్కో ఇంకా టైరులోనే దాగి ఉందన్నమాట. మీ విషయంలో నా అనుమానం దీని మీదే. తీగముక్క పైకి కనిపించదు. మనిషి ఎక్కి బరువు పడ్డాకే మొన లోపలికి పొడుచుకొస్తుంది. టైరు లోపలంతా దూదితో మెల్లగా తుడవండి, మొన ఉన్నచోట పోగు చిక్కుకుంటుంది. ఒట్టి వేలితో తడమకండి, తెగుతుంది.

చిల్లి రిమ్ము వైపు ఉంటే టైరుది తప్పు కాదు. స్పోకు కొనలను కప్పి ఉంచే రిమ్ టేపు పక్కకు జరిగి స్పోకు కొన గుచ్చుకుంటోంది. టేపు మార్చి, పైకి పొడుచుకొచ్చిన కొనను ఆకురాయితో రాయాలి. పక్కపక్కనే రెండు చీలికలు కనిపిస్తే గాలి తక్కువగా ఉండగా గుంతలో పడి, టైరుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగిందని అర్థం. ఎంత గాలి ఉండాలో టైరు పక్క గోడ మీదే అచ్చు వేసి ఉంటుంది. వారానికోసారి చూసుకోండి, చిల్లి లేకపోయినా గాలి కొద్దికొద్దిగా తగ్గుతూనే ఉంటుంది. వాల్వు మొదట్లో చిరిగితే మాత్రం ప్యాచ్ నిలవదు, ట్యూబు మార్చాల్సిందే.

ప్యాచ్ ఊడటానికి ఎక్కువసార్లు తొందరే కారణం. ప్యాచ్ కంటే కాస్త వెడల్పుగా గరుకు కాగితంతో రుద్దండి. ట్యూబు మీద అచ్చు గీత ఉంటే అది చదునయ్యేదాకా రుద్దాలి. సొల్యూషన్ పలచగా రాసి 5 నిమిషాలు ఆగండి. తడి మెరుపు పోయాకే ప్యాచ్ పెట్టి గట్టిగా అదమాలి.

టైరు ఎక్కించడం వాల్వుకు ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి, అదీ చేతులతోనే. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే కొత్త ట్యూబుకే కొత్త చిల్లి. చివర్లో వాల్వును ఒకసారి లోపలికి నొక్కి వదిలితే టైరు అంచు కింద ట్యూబు ఇరుక్కోదు.

ప్రశ్న: గేర్లు లేని సైకిల్. కాస్త కుదుపు వస్తే చైను ఊడిపోతోంది.

జవాబు: చైను వదులైంది. కింది వైపు చైను మధ్యలో వేలితో కదిపితే ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు ఆడాలి, అంతకు మించకూడదు. వెనక చక్రం నట్లు రెండూ వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి, ఫ్రేము మధ్యకు తెచ్చి బిగించండి. పెద్ద పళ్ళచక్రం కచ్చితంగా గుండ్రంగా ఉండకపోవచ్చు, కాబట్టి పెడల్ తిప్పుతూ చైను బాగా బిగిసే చోట కొలవాలి. అక్కడ కూడా కొంచెం ఆడాలి. మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి.

ఆ తర్వాత స్కేలు పెట్టండి. కొత్త చైనులో ఒక పిన్ను నుంచి దాని తర్వాత 24వ పిన్ను దాకా దూరం సరిగ్గా 12 అంగుళాలు. అది పదహారో వంతు అంగుళం పెరిగితే చైను మార్చండి. ఎనిమిదో వంతుదాకా ఊరుకుంటే అరిగిన చైను ఫ్రీవీల్ (వెనక చక్రానికుండే పళ్ళచక్రం) పళ్ళనూ తినేస్తుంది, అప్పుడు రెండూ కొనాలి.

ప్రశ్న: వానలో బ్రేకు పట్టదు. రబ్బర్లు కొత్తవే.

జవాబు: తడి రిమ్ము మీద రబ్బరు ముందు నీటిని తుడవాలి, తర్వాతే పట్టు దొరుకుతుంది. స్టీలు రిమ్ములకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ఆగాల్సిన చోటికి చాలా ముందే బ్రేకును తేలిగ్గా పట్టి ఉంచండి. చైనుకు వేసిన నూనె రిమ్ముకు అంటి ఉంటే ఎండలో కూడా పట్టదు, సబ్బునీళ్ళతో కడగండి.

ప్రశ్న: ఎడమ పెడల్ ఎంత తిప్పినా ఊడటం లేదు.

జవాబు: మీరు దాన్ని ఇంకా బిగిస్తున్నారు. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. పానాను పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగితే ఏ వైపు పెడల్ అయినా వదులవుతుంది, ముందు చక్రం వైపు లాగితే బిగుస్తుంది. తిరిగి పెట్టేటప్పుడు మరకు గ్రీజు రాసి, మొదటి నాలుగు చుట్లు చేత్తోనే తిప్పండి. పెడల్ కొన మీద ఎల్, ఆర్ అని ఉంటుంది. కుడిది ఎడమకు బలవంతంగా ఎక్కిస్తే క్రాంకు (పెడల్ బిగించే కాడ) మర పాడై, తొక్కుతుండగానే పెడల్ ఊడిపోతుంది.