బీకాం చదివిన కొడుకు ఫీల్డ్ ఆఫీసర్ ఉద్యోగం మానేస్తానంటున్నాడు, ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా చిన్నోడు హనుమకొండల బీకాం చేసి మైక్రోఫైనాన్స్ కంపెనీల ఫీల్డ్ ఆఫీసర్‌గ చేరిండు. ఎనిమిది నెలలైంది. లోన్ ఫారంల ఆడోళ్ల ఇంటి ఆదాయం ఎక్కువేసి రాయమని మేనేజర్ అంటున్నడట. నేను రాయ, నౌకరి ఇడిసిపెడ్త అంటున్నడు. అందరు రాస్తుంటే నీకొక్కనికేంది కష్టం అని నేను కోప్పడ్డ. ఏడాదన్న నిండకుండ మానేస్తె మళ్ల ఎవరు తీసుకుంటరు? మీరే చెప్పండ్రి.

జవాబు: అన్నా, మీ అబ్బాయి ఆలోచన సరైనదే. అయితే రేపే మానేయాల్సిన అవసరం లేదు. అబద్ధం రాయనని నిలబడటం ఒకటి, ఉద్యోగం వదిలేయడం ఇంకొకటి. మొదటి విషయంలో వాడు ఒక్క అడుగు కూడా వెనక్కి వేయొద్దు. రెండో దానికి కొంచెం ఆగొచ్చు.

ముందు ఆ ఫారం సంగతి చెప్తాను. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ రూల్స్ ప్రకారం ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి తాకట్టు లేకుండా ఇచ్చేది మైక్రోఫైనాన్స్ అప్పు. ఆ ఇంట్లో అందరి అప్పుల కిస్తులు కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఇప్పుడు ఒక ఇల్లు అనుకోండి. భార్యాభర్తల కూలి, బర్రె పాలు, పత్తి మీద వచ్చేది అన్నీ కలిపితే నెలకు సగటున 14,000. అంటే కిస్తులు 7,000 దాటొద్దు. ఇప్పటికే రెండు కంపెనీలకు 6,200 కడుతున్నారు. కొత్త అప్పుకు కిస్తు 2,600. మొత్తం 8,800 అవుతుంది కాబట్టి అప్పు ఇవ్వకూడదు. అప్పుడు మేనేజర్ ఏమంటాడు? ఆదాయం 18,000 రాయి అంటాడు. సగం 9,000 కదా, ఫైల్ పాసైపోతుంది. బ్రాంచ్ టార్గెట్ నిండుతుంది. ఆ ఇంట్లో మాత్రం 14,000లో 8,800 పోగా మిగిలేది 5,200. బియ్యం, మందులు, పిల్లల ఫీజులు అన్నీ అందులోనే. పత్తి పైసలు ఏరిన తర్వాతే చేతికొస్తాయి, జూన్, జులైలో విత్తనాలకే అప్పు చేస్తారు. ఇది మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కిస్తు మాత్రం వానాకాలమని ఆగదు. కిస్తులు కట్టడానికి గ్రూపు కలిసే సెంటర్ మీటింగ్‌లో ఆ ఇల్లాలు కట్టలేకపోతే గ్రూపులో మిగతా ఆడవాళ్ల మీద ఒత్తిడి పడుతుంది. ఆ రోజు వాళ్ల ముందు కూర్చోవాల్సింది మేనేజర్ కాదు, మీ కొడుకు.

2010 మన ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. ఒక్కో ఇంటికి నాలుగైదు అప్పులు ఇచ్చారు, వసూళ్లకు ఇళ్ల మీద పడ్డారు, అప్పు తీసుకున్నవాళ్లలో కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ ఏడాది అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది, అదే తర్వాత చట్టమైంది. ఆ తర్వాత వసూళ్లు ఆగిపోయి, ఈ కంపెనీలు మన దగ్గర దాదాపు కుదేలయ్యాయి. 2023లో తెలంగాణ హైకోర్టు, ఆర్‌బీఐ దగ్గర రిజిస్టరైన ఎన్‌బీఎఫ్‌సీలకు (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలకు) ఆ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. అంటే ఇప్పుడు వీటికి అడ్డుకట్టగా ఉన్నది ఎక్కువగా ఆర్‌బీఐ రూల్సే. ఆ రూల్ నిలబడేదీ, పడిపోయేదీ మీ అబ్బాయి లాంటి వాళ్లు నింపే ఆ ఒక్క ఆదాయం గడిలోనే. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

"అందరు రాస్తున్నరు" అన్నారు. నిజమే కావచ్చు. కానీ ఆడిట్ వచ్చినప్పుడు ఫారం మీద ఎవరి సంతకం ఉంది, ఎవరి లాగిన్‌తో ఎక్కింది అనే చూస్తారు. మేనేజర్ నోటిమాటగా చెప్పింది ఎక్కడా కనిపించదు. ఆయన ఇంకో బ్రాంచ్‌కు బదిలీ అయి పోయుంటాడు. పెద్ద ఉదాహరణ కావాలంటే సత్యం కంపెనీనే చూడండి. 2009 జనవరిలో లెక్కల మోసం బయటపడింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు 10 మందిని దోషులుగా తేల్చింది. అందులో యజమానులు, ఆడిటర్లతో పాటు ఫైనాన్స్ విభాగంలో పనిచేసిన ఉద్యోగులూ ఉన్నారు. వాళ్లు అప్పీలుకు వెళ్లారు, అది వేరే విషయం. పైవాళ్లు చెప్తే చేశాం అన్నంత మాత్రాన కేసులో పేరు లేకుండా పోలేదు.

ఇక మీ అబ్బాయి చేయాల్సింది. మేనేజర్‌తో గొడవ పెట్టుకోవద్దు, నీతులు చెప్పొద్దు. ఇంట్లో కూర్చుని అడిగి తెలుసుకున్న ఆదాయమే రాయాలి. "సార్, వాళ్లు చెప్పింది 14,000. ఎక్కువ వేయాలంటే దానికి ఆధారం ఏందో మెయిల్‌లో పెట్టండి" అని మర్యాదగా అడగాలి. చాలాసార్లు ఆ మెయిల్ రాదు, ఆ ఒత్తిడి కూడా తగ్గుతుంది. ఏ తేదీన, ఏ సెంటర్ గురించి, ఎవరు ఏమన్నారో సొంత డైరీలో రాసుకోవాలి. కస్టమర్ల ఆధార్ కార్డులు, లోన్ పేపర్లు మాత్రం సొంత ఫోన్‌లో ఫొటో తీసి దాచొద్దు, తప్పు తిరిగి వాడి మీదే పడుతుంది. ఇంకోటి కూడా వాణ్ని అడగండి: పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు కోసం ఫోన్లు చేయిస్తున్నారా? ఆర్‌బీఐ దాన్ని కఠిన వసూలు పద్ధతుల్లో లెక్కేసి వద్దంది. అది కూడా జరుగుతుంటే ఆ బ్రాంచ్ తీరు ఏమిటో తెలిసిపోతుంది.

అప్పటికీ ఒత్తిడి ఆగకపోతే మేనేజర్‌ను దాటి పైకి రాయొచ్చు. కంపెనీల చట్టం 2013 ప్రకారం లిస్టెడ్ కంపెనీలకూ, బ్యాంకులు, ప్రభుత్వ ఆర్థిక సంస్థల దగ్గర 50 కోట్లకు మించి అప్పు తెచ్చిన కంపెనీలకూ విజిల్ మెకానిజం, అంటే లోపల జరిగే తప్పుల మీద ఉద్యోగి ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు, తప్పనిసరి. ఫిర్యాదు చేసిన ఉద్యోగిని వేధించకుండా అందులో రక్షణ ఉండాలి. వెబ్‌సైట్‌లో విజిల్ బ్లోయర్ పాలసీ అని వెతికితే ఎవరికి రాయాలో దొరుకుతుంది. రాసినంత మాత్రాన అన్నీ చక్కబడతాయని నేను చెప్పను. కొన్ని చోట్ల రాసినవాడినే దూరం బ్రాంచ్‌కు వేస్తారు. అందుకే ఈలోపే ఇంకో ఉద్యోగం వెతకడం మొదలుపెట్టాలి.

ఎనిమిది నెలలకే మారితే ఎవరూ తీసుకోరన్న భయం పెట్టుకోకండి. ఫీల్డ్ ఉద్యోగాల్లో ఏడాది లోపు మారడం కొత్తేమీ కాదు. ఇంటర్వ్యూలో పాత మేనేజర్‌ను తిట్టకుండా, "ఇంటి ఆదాయం సరిగ్గా అంచనా కట్టి అప్పు ఇచ్చే చోట పనిచేయాలనుకుంటున్నా" అంటే చాలు. మంచి ఎన్‌బీఎఫ్‌సీలో, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో ఆ మాటకు విలువ ఉంటుంది. దాంతో పాటు బ్యాంకు ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ వాళ్ల గ్రామీణ బ్యాంకుల పరీక్షకు కూర్చోమనండి. డిగ్రీ చాలు, ఆఫీస్ అసిస్టెంట్‌కు సాధారణంగా 28 ఏళ్ల దాకా వయసు ఉంటుంది. 2025 జనవరి 1న ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) తెలంగాణ బ్రాంచీలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసి అది రాష్ట్రమంతా ఒకటే బ్యాంకు అయింది. పల్లెల్లో తిరిగి, తెలుగులో మాట్లాడి, లెక్క అడిగిన అనుభవం ఈ ఎనిమిది నెలల్లో వాడికి వచ్చే ఉంటుంది.

మానేసే రోజు వస్తే రాజీనామా మెయిల్‌లోనే ఇవ్వాలి, నోటీసు కాలం పూర్తి చేయాలి. చేతిలో ఉన్న కలెక్షన్ డబ్బు, రసీదు పుస్తకాలు, ట్యాబ్ అప్పగించి సంతకంతో కాగితం తీసుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ దగ్గర ఉంటే ఇప్పుడే అడగమనండి. రిలీవింగ్ లెటర్ చేతికి రాకముందు ఖాళీ కాగితం మీద ఎక్కడా సంతకం పెట్టొద్దు. ఆఫర్ లెటర్‌లో బాండ్, అంటే ఇన్నాళ్లు మానేయకూడదన్న షరతు, ఏదైనా ఉంటే ఆ పేజీ ఒకటి నాకు పంపండి, చదివి చెప్తాను.